ముగ్గు మీద లేచిన ఇల్లు

ముగ్గు పోసిన రోజే వెంకటనర్సమ్మ గుండె గుభేలుమంది.

"ఇదేందయ్యా జగనూ, గివి గదులా, కోళ్ల గూళ్లా?" అంది మేస్త్రితో.

ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే ఇది. ఖాళీ జాగాలో తెల్లటి ముగ్గుతో గీసిన గది ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. నెత్తిన అంత ఆకాశం పెట్టుకుని కింద నాలుగు గీతలు గీస్తే ఏ గది పెద్దగా ఉంటుంది చెప్పండి! గోడలు లేచాక అదే గది బ్రహ్మాండంగా సరిపోతుంది. జగన్ మేస్త్రి ఈ మాట నాచారంలో గడపగడపకూ చెప్పి నోరు నొప్పి పుట్టించుకున్న మనిషి. ఎవరూ వినరు. నర్సమ్మ అసలే వినదు. పడకగదిలో రెండు మంచాలు పట్టాలి, చూడవచ్చిన చుట్టాలు కూర్చోవాలి. అందుకని బాత్రూమ్ వైపు గీతను జానెడు అవతలికి జరపమంది.

"స్నానం జేసే కాడ గంత జాగా ఎందుకయ్యా, అండ్ల ఏమన్న పెండ్లి జేస్తమా?"

మేస్త్రి తల గోక్కుని, పాత గీతను కాలితో చెరిపి, కొత్తది పోశాడు. ఇంటావిడ మాట కాదనడం ఆయనకు చేతకాదు.

నిజానికి ఆ ఇల్లు కడుతున్నదే ఆమె భర్త పెంటయ్య కోసం. నాచారం ఫ్యాక్టరీల నుంచి సరుకు తోలే డీసీఎం వ్యాను డ్రైవరు ఆయన. ఒకనాడు లోడు దించుతుంటే పెద్ద పెట్టె నడుం మీద పడి కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే గతి. కూలగొట్టిన పాత ఇంట్లో అడుగడుక్కీ గడపలూ మెట్లే. ఇప్పుడున్న అద్దె గదీ అంతే. పొద్దున లేస్తే నర్సమ్మే ఆయన్ను చంకల కింద పట్టి బాత్రూమ్‌లోకి ఎత్తుకుపోవాలి, అయిందాకా పట్టుకుని నిలబడాలి. మహా రోషగాడు పెంటయ్య. ఆ కాసేపూ పెళ్లాం ముఖం వైపు చూడనైనా చూడడు.

ప్లాన్ గీసింది నర్సమ్మ తమ్ముడి కూతురు దీప. ఏఎస్ రావు నగర్‌లో ఓ ఆర్కిటెక్టు ఆఫీసులో పని చేస్తుంది. "ఇంట్ల ఏం కావాలె మామా?" అని ఆమె అడిగితే పెంటయ్య ఒకటే అడిగాడు.

"నా అంతట నేను బాత్రూమ్‌కు పోవాలె బిడ్డా. గంతే."

ముగ్గు పోసిన మర్నాడు దీప చేతిలో ట్యాబ్, సంచిలో ఏవో లావుపాటి కళ్లజోళ్లు పెట్టుకుని దిగింది. ట్యాబ్‌ను జాగా వైపు పట్టి, తెర మీద లేచిన ఇంటిని నేల మీది ముగ్గుతో పోల్చి చూసి, కనుబొమలు ముడిచింది.

"అత్తమ్మా, గోడ ముగ్గు మీద కూసుంటలేదు. గీత జరిగింది."

నర్సమ్మ దాచే మనిషా! "నేనే జరిపించిన. ఏం, నా ఇల్లు నేను జరుపుకోవద్దా?"

దీప నవ్వేసింది. "ఎందుకొద్దు? నీ గీత మీదనే పెడ్త. నువ్వే జూసి చెప్పు."

అని తెర మీద గోడను వేలితో పట్టి లాగింది. అంతే! గోడ వెంట తలుపు కదిలింది, పైన దూలం కదిలింది, కింద పైపులు వాటంతట అవే మెలిక తిరిగి సర్దుకున్నాయి. జగన్ మేస్త్రి నోరు తెరుచుకుని చూశాడు.

"నేనొక గోడ జరిపితే పైపులాయనతోని, కరెంటాయనతోని, అందరితోని తిట్లు తినాలె. గిదేందమ్మా, చెప్పకముందే అన్ని ఇంటున్నయ్!"

దీప ఒక కళ్లజోడు తీసి అత్త తలకు బిగించింది.

"అమ్మో!" అంది నర్సమ్మ.

ఒక్క ఇటుకైనా పడని జాగాలో ఇల్లు నిలబడి ఉంది. అదే ఎండ, అదే వీధి, అదే ఆటోల మోత. మధ్యలో మాత్రం తన ఇల్లు! పక్కింటి నీళ్ల ట్యాంకుకు గోడ అడ్డమొచ్చింది. కిటికీ కింద నేల మీద వెలుగు పరుచుకుంది. నర్సమ్మ గబుక్కున చెప్పులు విడిచింది.

"అత్తమ్మా, కంకర గుచ్చుకుంటది!"

"ఊకో! ఇంట్లకు చెప్పులతోని పోతరా ఎవరన్న?"

వట్టి కాళ్లతో లోపలికి నడిచింది. గోడను తాకబోతే చెయ్యి గోడలోంచి అవతలికి వెళ్లిపోయింది. ఒళ్లు ఝల్లుమంది. పడకగదిలో నిలబడి చుట్టూ తిరిగి చూసింది.

"మేస్త్రీ! ఎంత పెద్దగుందయ్యా గది! ముగ్గుల గట్ల మోసం జేసిందేంది?"

"నిన్న నేను మొత్తుకున్నది గదే గదమ్మా!"

ఆమె అప్పటికే పక్క గదిలోకి నడిచింది. పునాది పడకముందే తన ఇంట్లో తాను తిరిగింది. వాళ్ల వంశంలో ఎవరు చూశారు ఇలాంటి వింత? కళ్లజోడు లోపలే కళ్లు చెమ్మగిల్లాయి.

"నాకియ్యి జర," అన్నాడు జాగా అంచున కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న పెంటయ్య.

రెండో జోడు పెట్టుకుని కుర్చీ చక్రాలు తిప్పాడు. మేస్త్రికి కనిపిస్తున్నది చదును చేసిన నేలా, తెల్ల గీతలూ మాత్రమే. ఆ ఖాళీలో పెంటయ్య ఏదో మూల దగ్గర ఒదిగి తిరుగుతున్నాడు, ఏదో గుమ్మం దాటుతున్నాడు. హాలు దాటాడు, పడకగది దాటాడు, బాత్రూమ్‌లోకి వెళ్లాడు. అక్కడ ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ ముందుకెళ్లాడు. కుర్చీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కడకు చక్రాలు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"పడ్తలేదు బిడ్డా. గోడ తిరగనిస్తలేదు."

దీప చేతిలోని ట్యాబ్‌లో కుర్చీకి తగులుతున్న ఆ గోడ ఎర్రగా మెరుస్తోంది. నర్సమ్మ కళ్లజోడు తీసి చూసింది. అక్కడ గోడా లేదు, ఏమీ లేదు. తాను పోయించిన ముగ్గు గీత ఉంది, అంతే. ఆ గీత మీద ఇటుకలు లేస్తే ఏమయ్యేదో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. బతికినన్నాళ్లూ ఆయన తల పక్కకు తిప్పుకోవాల్సి వచ్చేది. అదీ తన చేజేతులా!

"ఎంత పని జేస్తుంటినే!" అని నెత్తి కొట్టుకుని, ఆ గీతను తన పాదంతోనే చెరిపేసింది. "జగనూ, ముగ్గు తే. మొదట ఏడుండెనో ఆడనే పొయ్యి."

దీప వేలితో గోడను వెనక్కి జరిపింది. పైపులు మళ్లీ సర్దుకున్నాయి. పెంటయ్య ఊపిరి పీల్చుకుని చక్రాలు పట్టాడు. లోపలికెళ్లి కుర్చీని మెల్లగా తిప్పాడు. అది తిరిగింది. ఎక్కడా తగలకుండా గుండ్రంగా, పూర్తిగా తిరిగింది.

పెంటయ్య గాల్లోకి చెయ్యి చాపి, దేన్నో పట్టుకుని తనవైపు లాక్కున్నాడు. దీప ట్యాబ్ చూసి, చప్పున దించేసింది.

"తలుపేసుకున్నడు," అంది చిన్నగా.

వీధి వీధంతా చూస్తున్న బట్టబయలు జాగా అది. అయినా దీప ముఖం తిప్పుకుంది, మేస్త్రి తిప్పుకున్నాడు. నర్సమ్మ కూడా వెనుదిరిగి నిలబడింది. ఇన్నేళ్లకు ఆయన ఒక్కడే ఒక గదిలో ఉన్నాడు. ఏడుపు తన్నుకొస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోయినవా?" అని అడిగాడు పెంటయ్య లోపలి నుంచి.

ఆయనకు నాలుగడుగుల దూరంలో నిలబడి, "ఎప్పుడో పోయిన," అంది నర్సమ్మ.