ఫొటో కింద రాసిన మాట

ఫొటోల ప్రదర్శన హాల్లో అడుగు పెట్టగానే దర్జీ అమ్మకి ఎదురుగా తానే కనబడింది. గోడ మీద పెద్ద ఫొటో. పదేళ్ళ కిందట, యుద్ధంలో కూలిన ఇంటి మెట్ల మీద కూర్చుని, నోరు తెరిచి ఏడుస్తున్న తాను. కింద రాసిన మాటని మనవరాలు అందరికీ వినపడేలా చదివింది: "బాంబు దాడిలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు."

దర్జీ అమ్మ ఫొటోకి దగ్గరగా జరిగింది. ఆ రోజు ఆయన నిక్షేపంగా ఉన్నాడు. బిందె పట్టుకుని నీళ్ళకి వెళ్ళాడు. పోయింది నాలుగు నెలల తర్వాత, శిబిరంలో, జ్వరంతో. ఆమె ఏడ్చింది కుట్టుమిషన్ కోసం. అది నుజ్జునుజ్జయి అప్పుడు ఆమె కాళ్ళ దగ్గరే పడి ఉంది. ఫొటోలో అది కనబడదు, మోకాళ్ళ కింది భాగం కత్తిరించేశారు.

ఒకావిడ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "ఈ ఫొటో చూసే మా వీధంతా దుప్పట్లు పోగుచేసి పంపామమ్మా!"

దర్జీ అమ్మకి తలెత్తబుద్ధి కాలేదు.

ఫొటోగ్రాఫర్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది నాయనా. ఒక్క మాటైనా అడక్కుండా నా మొగుణ్ణి నాలుగు నెలల ముందే చంపేశావు."

అతని మొహం పాలిపోయింది. "అంతలా ఏడుస్తుంటే అడగడానికి నోరు రాలేదమ్మా. భర్తే పోయాడనుకున్నాను."

"పోయింది మిషను."

మనవరాలు ఆమె కొంగు లాగింది. "అమ్మమ్మా, మెల్లిగా! మా టీచరు ఇక్కడే ఉంది. తాతయ్య బాంబు దాడిలోనే పోయాడని క్లాసులో అందరికీ చెప్పుకున్నాను."

"విననీవే. మిషను కోసం ఏడిస్తే తప్పేముందని దాచుకోవడం?"

అతను ఫొటో కింద ఆ మాట రాసి ఉన్న అట్టముక్క ఊడదీసి, వెనక్కి తిప్పి, పెన్ను తీశాడు. "తప్పు నాదే. మీరు చెప్పినట్టే రాస్తాను."

"కుట్టుమిషన్ కోసం ఏడుస్తున్న దర్జీ."

"మరి పాపం, ఆయన పోయినప్పుడు ఇంకెంత ఏడ్చారో!" అంది దుప్పట్ల ఆవిడ.

కన్నకూతురికి కూడా చెప్పని సంగతి అది. దర్జీ అమ్మ ఇప్పుడు చెప్పేసింది.

"ఏడవలేదమ్మా. ఆయన మొహం మీద దుప్పటి కప్పేసి వెళ్ళి గంజి వరసలో నిలబడ్డాను. చోటు పోతుందని." ఫొటోగ్రాఫర్ వైపు తిరిగింది. "అదీ రాయి."

పెన్ను ఆగిపోయింది. "దానికి ఫొటో లేదమ్మా," అన్నాడతను.

"లేదు గనకే రాయమంటున్నాను."

అతను రాస్తున్నంతసేపూ ఆమె అతని చేతినే చూసింది. మనవరాలి వైపు మాత్రం చూడలేకపోయింది.