నూట యాభై రూపాయల పట్టు

మా బాపు రాజనర్సు ఏ గుడ్డనైనా రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి ధర చెప్పేస్తాడు. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ఇరవై ఎనిమిదేళ్లుగా కరెంటు సాంచెల మీద బట్ట నేస్తున్నాడు. పెళ్లిళ్లలో మా ఆడవాళ్లు కొంగు చాపి మరీ అడుగుతారు. ఆయన కళ్లు మూసుకుని నలిపి, ఇంత అంటాడు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదట. ఆ వేళ్ల మీద ఉన్న నమ్మకం ఆయనకు నా మీద లేదని ఇరవయ్యో ఏట తెలిసింది నాకు.

అడాజన్‌లో ఒక పెద్ద బట్టల షోరూములో సేల్స్‌కు అమ్మాయిలు కావాలన్నారు. సోమవారం పదకొండింటికి ఇంటర్వ్యూ. డ్రెస్ బాగుండాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పారు. నాకున్నవి రెండు జతలు, రెండూ వెలిసిపోయినవే. అందుకని ఆదివారం పొద్దున్నే వంతెన కింద పరిచే పాతబట్టల బజారుకు పోయాను. జీవీబెన్ అక్కడ కూర్చుంటుంది. వారమంతా ఫ్లాట్లకు తిరిగి, స్టీలు గిన్నెలిచ్చి పాతబట్టలు తీసుకుంటుంది. ఆదివారం అవన్నీ కుప్ప పోసి అమ్ముతుంది.

చంకల దాకా చేతులు పెట్టి గంటసేపు వెతికితే దొరికింది: ముదురాకుపచ్చ పట్టు కుర్తా, మెడ చుట్టూ సన్నటి కుట్టుపని. ఏ డబ్బున్నావిడో రెండుసార్లు వేసుకుని, విసుగొచ్చి ఒక గిన్నెకు ఇచ్చేసి ఉంటుంది. కుర్తా రెండో చెయ్యి ఇంకో పిల్ల పట్టుకుని లాగింది. ఆ పిల్ల మణికట్టులో గోళ్లు దించాను. రక్తం వచ్చింది, వదిలేసింది. నాకేమీ సిగ్గనిపించలేదు.

సోమవారం పక్కలు బిగించి కుట్టుకుని, ఇస్త్రీ చేసి వేసుకున్నాను. అద్దంలో నేనేనా అనిపించింది. అప్పుడే బాపు డ్యూటీ దిగి వచ్చాడు.

"ఎక్కడిదే ఇది?"

"బజార్ల కొన్న బాపు. ఎంత పెట్టొచ్చో జర చెప్పు," అని నవ్వుతూ నేనే చెయ్యి చాపాను. నా అంత బుద్ధితక్కువది ఇంకొకతి ఉండదు.

ఆయన నలిపాడు. మళ్లీ నలిపాడు. "అసలు పట్టు. నాలుగువేలకు తక్కువ రాదు."

"నూట యాభైకి తెచ్చిన!"

"ఎవడు కొనిచ్చిండు?"

పరాచికమాడుతున్నాడనుకున్నాను. "పాతది బాపు. ఎవలో ఇడిసింది."

"బట్ట నేసే సాలోల్ల ఇంట్ల ఒకరు ఇడిసిన బట్ట కడుతరానే? అబద్ధమన్న అతికేటట్టు జెప్పు."

మొదటి దెబ్బకు చెవి గుయ్యిమంది. రెండో దెబ్బకు గోడకు కొట్టుకున్నాను. జుట్టు పట్టుకుని నా తలను బీరువాకేసి బాదాడు. ఎవడు, ఎవడు అని అడగడం, కొట్టడం. నేను ఊరుకునే రకం కాదు, ఆయన చేతిని పళ్లు దిగేలా కొరికాను. బెల్టు తీశాడు. వీపు మీద, మెడ మీద, ఎక్కడ పడితే అక్కడ. కింద పడ్డాక కడుపులో తన్నాడు.

మా అమ్మ భాగీరథి అడ్డం పడింది. ఆమెను తోసేస్తే నుదురు గ్యాస్ పొయ్యి అంచుకు తగిలి చిట్లింది. కొంగుతో నుదురు అదుముకుంటూ నా పక్కన కూలబడింది. ఆమెకైనా నా మాట నిజమని తెలుస్తుందనుకున్నాను.

"బిడ్డా, నీ కాళ్లు మొక్కుత, వాడెవడో జెప్పు. జెప్తే ఇడిసిపెడ్తడు," అంది.

బెల్టుకు ఏడవని దాన్ని, ఆ మాటకు ఏడ్చాను. బాపు కుర్తా మెడ పట్టుకుని కింది దాకా చింపేశాడు. పదకొండు దాటేసరికి నా కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

ఆరు రోజులు గడప దాటనివ్వలేదు. నా ఫోను లాక్కుని నంబర్లన్నీ వెతికాడు. ఒక్క మగవాడూ దొరకలేదు. దొరకకపోయేసరికి కోపం ఇంకా పెరిగింది. ఉద్యోగం మీద ఆశ ఎలాగూ పోయింది. నేను చెప్పింది నిజమని ఈయన ఒప్పుకుంటే చాలనుకుంటూ ఆ ఆరు రోజులూ బతికాను. ఏడో రోజు ఆదివారం. "నడువు, చూపియ్యి," అన్నాడు. "నువ్వు ముంగట పో. నేను ఎన్క నిలవడి వింట. సైగ జేసినవో, చంపుత."

జీవీబెన్ నన్ను చూడగానే పలకరించింది. "అరే బేటీ! వో హరా కుర్తా ఫిట్ హువా? డేడ్ సౌ మే తూ లూట్ కే లే గయీ." నూట యాభైకే ఆ ఆకుపచ్చ కుర్తా దోచుకుపోయానని నవ్వింది. అంతలోనే నా ముఖం మీది దెబ్బలు చూసి, ఎవరు కొట్టారన్నట్టు, "యే కిస్‌నే మారా?" అంది.

నేను వెనక్కి తిరిగి బాపు ముఖంలోకి చూశాను. విన్నాడు. స్పష్టంగా విన్నాడు. కొనేవాడిలా వంగి కుప్పలో చెయ్యి పెట్టాడు. ఒక చీర నలిపాడు, ఒక కోటు నలిపాడు, ఒక దుపట్టా నలిపాడు.

"యే కిత్నేకా?"

"అస్సీ రూపయా." ఎనభై.

"యే?" దుపట్టా చూపించాడు.

"సౌ." వంద.

అయ్యో, తప్పు చేశాను అనుకుంటాడని చూస్తున్నాను. ఆయన జీవీబెన్ గొంతు పట్టుకున్నాడు. "ఝూట్! తీన్ హజార్ కా మాల్ హై! సచ్ బోల్!" అంటూ, వంద చెప్పిన ఆ దుపట్టా మూడువేలదని అరుస్తూ, ఆ ముసలామెను కుప్ప మీదకు తోసి పీక నొక్కాడు. నా ముందు తప్పు ఒప్పుకోవడం కంటే ఆమెను చంపడమే ఆయనకు తేలికైంది.

చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. డేరా పైపుతో ఒకడు ఆయన నడుం మీద వేశాడు. ఇంకొకడు ముక్కు మీద గుద్దాడు. కింద పడేసి నలుగురు తన్నారు. రక్తంతో ఉన్న నోటితో ఆయన తెలుగులో అరుస్తున్నాడు. "రుచితా! నీ బాపునని జెప్పవే! చంపుతున్నరే!"

ఆ భాష అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. జీవీబెన్ గొంతు పట్టుకుని దగ్గుతూ లేచింది. నన్ను చూసి, "తేరే కో దేఖ్‌కే చిల్లా రహా హై. జాన్‌తీ హై ఇస్కో?" అంటూ, వాడు నీకు తెలుసా అని అడిగింది.

"నహీ," అన్నాను. "మై నహీ జాన్‌తీ."

"మారో," అని కొడుతున్నవాళ్లతో అంది జీవీబెన్. ఒక్కసారి చెప్తే నమ్మేసింది.