ఇద్దరికీ ఒకే అప్పీలు

మా ఆయన, మా తమ్ముడు ఒకే కేసులో ఒకే జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న రోజులవి. గోదాము దగ్గర జరిగిన కొట్లాటలో ఒక హమాలీ చనిపోయాడు. కొట్టినవాళ్లు మా ఆయనతో కలిపి నలుగురు. వాళ్లను వ్యానులో తీసుకెళ్లింది మా తమ్ముడు. అందరి ఉద్దేశమూ ఒకటేనంటూ కింది కోర్టు అందరికీ ఒకే శిక్ష వేసింది. అప్పుడైనా మావాళ్లకు బుద్ధి రావద్దూ? అప్పీలు కూడా ఒకే లాయరుతో, ఒకే మాట మీద వేయాలని ఇంటి పెద్దలు తీర్మానించారు. విడిపోతే చెడిపోతామట. కలిసి మునగడానికి అంత తొందరేమిటో!

ఆ ఒక్క మాట ఏమిటంటే, కళ్లారా చూశానని సాక్ష్యం చెప్పిన గోదాము కాపలావాడు అబద్ధాలకోరు, మావాళ్లెవరూ అసలు అక్కడికి వెళ్లనేలేదు.

నాకు మనసొప్పక, ఎవరికీ చెప్పకుండా తీర్పు కాపీ పట్టుకుని జిరాక్స్ షాపు పైన ఉండే లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కాగితాలు ఎగరకుండా ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ మొత్తం చదివింది.

"మీ తమ్ముడు వ్యాను దిగలేదని కాపలావాడే చెప్పాడు. హారన్ కొడుతూ 'వద్దు బావా, వచ్చెయ్' అని అరిచాడని కూడా చెప్పాడు. మీ లాయరు దీని జోలికే పోలేదేం?"

"కాపలావాడు అబద్ధాలకోరు కదండీ" అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు.

"అక్కడే వచ్చింది చిక్కు. అతను చెప్పింది నిజమంటేనే మీ తమ్ముడు బయటపడతాడు. కానీ..."

ఆవిడ పూర్తి చేయనక్కర్లేదు. ఇనప రాడ్డు మా ఆయన చేతిలో చూశానని చెప్పిందీ ఆ కాపలావాడే.

"మీ తమ్ముడికి వేరే అప్పీలు వేద్దామమ్మా. వకాలతు మీద అతని సంతకం కావాలి."

"మరి మా ఆయన?"

"వాళ్లలోనే ఒకడు కాపలావాణ్ణి నమ్మమన్నాక, ఆయన తరఫున చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు."

జైల్లో జాలీకి అవతల తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదక్కా. జ్వరమొస్తే రాత్రంతా నా పక్కన కూర్చుంది బావే."

"నువ్వు కొట్టావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని సంతకం పెట్టు."

"బావకి చెప్పావా?"

"అది నేను చూసుకుంటాలే."

"నువ్వు పెట్టమంటే పెడతా. తర్వాత నన్ననొద్దు."

మొత్తం తెచ్చి నా నెత్తినే రుద్దాడు, వెధవ. "పెట్టు" అన్నాను. ఆ రోజు మా ఆయన్ని పిలిపించకుండానే వచ్చేశాను.

పైకోర్టులో లాయరమ్మ లేచి, కాపలావాడి మాటల్లో ఒక్కటి కూడా కాదనడం లేదని చెప్పింది. మావాళ్ల పెద్ద లాయరు తల పట్టుకున్నాడు. తమ్ముణ్ణి విడుదల చేశారు. మిగతా నలుగురి అప్పీలు కొట్టేశారు.

వారం తిరక్కుండా మా ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. తిడతాడనుకుని దారి పొడుగునా ఎదురు జవాబులు సిద్ధం చేసుకున్నాను. తను వచ్చి జాలీ పట్టుకుని నిలబడ్డాడు.

"వాడు సరిగా తింటున్నాడా?"

"తింటున్నాడు. సంతకం పెట్టమన్నది నేనే."

"తెలుసు. ఆ రోజు నన్ను చూడకుండా వెళ్లిపోయావుగా, అప్పుడే అర్థమైంది." "అడిగుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. అది నీకు తెలుసు. అందుకే అడగలేదు."

"అవును" అన్నాను.

"మంచి పనే చేశావు. ఇంక నన్ను చూడ్డానికి రాకు."

వార్డరు పిలవకముందే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. తనంటే నాకు ఇష్టం లేకపోయుంటే ఎంత బాగుండేది.