బుగ్గలలోని ఊపిరి

హేమంతర్తువు నడుచుచుండెను. గోదావరిమీదనుండి లేచిన మంచుతెర యుదయభానుని లేతకిరణములకు సైతము చెదరక వైద్యశాలయొక్క మూడవయంతస్తు కిటికీలను తెల్లనివలువవలె కప్పియుండ లోపల వరుసగానున్న మంచములనడుమ నిట్టూర్పులును మందులవాసనయు కలసి తిరుగాడుచుండెను. కిటికీచెంత మంచముపై స్వర్ణకారుడైన మౌనాచారి వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన నాలవదినమున దిండ్లకానుకొని యుండెను. ఆయన భార్య కామాక్షమ్మ ముక్కాలిపీటపై కూర్చుండి ఆయననే చూచుచుండెను.

నలువదియేండ్లు కుంపటిముందు వంగి యరిగిపోయిన వెన్నుపూసలను వైద్యులు చక్కజేసిరి గాని కుట్లనొప్పికి వెరచి యాతడు గట్టిగా దగ్గడు, నిండుగా శ్వాసింపడు. అట్లయిన ఊపిరితిత్తుల యడుగుభాగములు ముడుచుకొనునని యెంచి శ్వాసవ్యాయామము నేర్పు సుహాసిని యను పడుచు మూడుబంతులుగల ప్లాస్టిక్ పరికరమునిచ్చి గొట్టమునుండి గాలిని లోనికి పీల్చి బంతులను లేపుమని తొలినాడే చెప్పియుండెను. మౌనాచారి మొదటియత్నముననే మూడింటిని లేపెను.

"బాబాయిగారూ, మా పడుచువాండ్రకైనను ఇది చేతకాదు!"

"నలువదియేండ్లు ఊదుగొట్టము పట్టినవానికా తల్లీ, నీవు ఊపిరి నేర్పుట? ఈ మూడును నా శిష్యులనుకొనుము" అని యాతడు మీసము దువ్వెను.

అయినను జ్వరము దిగలేదు. ఎక్స్‌రే చిత్రమున కుడి ఊపిరితిత్తి యడుగు తెల్లబడెను. వ్రేలికి తగిలించిన యంత్రమున ప్రాణవాయువు లెక్క తొంబదికన్న క్రిందికి జారెను. ముక్కునకు గొట్టమమర్చి మందు మార్చి "సాయంకాలమునకు కుదుటపడనిచో కృత్రిమశ్వాసయంత్రమే గతి" యని పెద్దవైద్యుడు చెప్పిపోయెను. బంతులు లేచుచుండ ఊపిరితిత్తి యేల ముడుచుకొనుచున్నదో యెవరికిని బోధపడలేదు.

అందరివలె నిన్నటిదాక బంతులనే చూచిన కామాక్షమ్మ యా యుదయమున భర్తను చూచెను. బంతులు లేచినప్పుడెల్ల ఆయన బుగ్గలు లోనికి పోవుచుండెను. రొమ్ముపై దుప్పటిమడత యించుకయు కదలకుండెను. కుంపటియొద్ద ఆయనకు బుగ్గలే కొలిమితిత్తులు. రొమ్ము కదిలెనా మంట చలించును, మంట చలించెనా నగనతుకు టంకము చెదరును. అన్నమిడిన యా పనితనమే యిప్పుడు ప్రాణమునకు పగయైనది.

"అమ్మాయీ, ఆ బంతులను నమ్మకుము. ఆయన పీల్చుటలేదు, బుగ్గలతో లాగుచున్నారు" అని యామె యప్పుడే వచ్చిన సుహాసినితో పలికెను.

"ఓసీ! నలుగురిలో నా పనిని కల్తీ యనుచున్నావా?"

"అనుచున్నాను. గీటురాతిపై బంగారమువలె ఒరసి చూతము రండు."

ఆమె యెడమచేతితో ఆయన బుగ్గలను పట్టకారువలె నొక్కిపట్టి కుడియరచేతిని ప్రక్కటెముకలపై నుంచెను. "లేవవలసినది బంతి కాదు, నా చేయి."

ఆతడు పీల్చెను. ఒక్కబంతియు కదలలేదు. మౌనాచారి తల వంచుకొనెను.

"తప్పు నాది పిన్నిగారూ, నేనును బంతులనే చూచితిని" అని సుహాసిని వెలవెలబోయి మరల మొదటినుండి నేర్పసాగెను. దిండును రొమ్మున కదిమిపట్టి దగ్గుమనగా ఆతడు నొప్పికి కన్నీరు కార్చుచు దగ్గెను. దగ్గగా దగ్గగా పచ్చనికఫము వెడలెను. గంట గంటకును ఆమె యరచేయి ప్రక్కటెముకలపై నిలిచెను, గంట గంటకును ఆతడు దానిని లేపబూనెను. ప్రొద్దువాలునప్పటికి లెక్క తొంబదినాలుగునకెక్కెను. పెద్దవైద్యుడు వచ్చి చూచి, యంత్రముమాట యెత్తకయే వెడలెను.

మంచు వీడిన కిటికీలోనుండి యెర్రనియెండ మంచముపై బడెను. మౌనాచారి కన్నులు మూసికొని పీల్చెను.

"ఎన్ని లేచినవే?"

"సగము బంతి. కల్తీ లేదు."

నలువదియేండ్లు పరుల బంగారమునొరసిన యాతడు ఆ యరచేతిక్రింద తన శ్వాసనొరయించుకొనుచు మరల మెల్లగా, నిండుగా పీల్చెను.