వెచ్చని గోడ

“గోడ వెచ్చగా ఉంటే నీకేం నొప్పే? ఈ దేశమొచ్చాక నా వీపుకి దొరికిన సుఖం ఇదొక్కటే,” అంది నాగమణి, పొయ్యి పక్క గోడకి ఇంకాస్త చేరగిలబడి.

“ఎందుకు వెచ్చగా ఉందో చెప్పమంటున్నాను, అత్తయ్యా,” అంది శశికళ.

పొద్దుటి నుంచీ ఇదే గొడవ. ఆమె భర్త జగదీష్ పేపర్ దించలేదు. “ఎండ పడుతోందేమో.”

“బయట మంచు కురుస్తోందండీ.”

అది ఎనభై మూడు ఫిబ్రవరి. మసాచుసెట్స్‌లో, ఊరి నడిబొడ్డున ఉన్న ఆ ఇల్లు పదిహేడో శతాబ్దంలో కట్టింది. తలకి తగిలే దూలాలు, చిన్న గళ్ల అద్దాల కిటికీలు, మనిషి దూరేంత పొయ్యి, అన్నీ అప్పటివే. పాతకాలపు ఇళ్లని కాపాడే సంఘం వాళ్లు అద్దెకిస్తూ రెండే మాటలు చెప్పారు. గోడకి మేకు కొట్టొద్దు, పొయ్యి వెలిగించొద్దు.

మేకు కొట్టలేదు. కానీ కరెంటు స్టవ్ మీద పాలు పొంగిస్తే గృహప్రవేశమెలా అవుతుందని నాగమణి పట్టుబట్టింది. జగదీషే కట్టెలు పేర్చాడు. పాలు తూర్పుకే పొంగాయి, అందరూ మురిసిపోయారు. అది గురువారం. ఇవాళ ఆదివారం. బూడిద కూడా ఎత్తేశారు.

గోడ మీద ఈగ ఒకటి తిరుగుతోంది. ఇంత చలిలో ఈగ! శశికళ దాన్నే చూస్తోంది.

“సంఘం వాళ్లకి చెబుదామండీ.”

“ఏమని? పొయ్యి వెలిగించామనా? సామాన్లు రోడ్డున పడేస్తారు. మూడొందలేళ్లు నిలబడ్డ ఇల్లు, శశీ. నీ అనుమానానికి కూలిపోదులే.”

ఇంతలో రేణు దిండు ఈడ్చుకుంటూ మెట్లు దిగింది. “అమ్మా, నా బెడ్ పక్కన వాల్ హాట్‌గా ఉంది. బాగా దగ్గు వస్తోంది.”

శశికళ పైకి పరిగెత్తింది. కూతురి మంచం పక్కన, దూలం పొయ్యి పొగగొట్టం ఇటుకల్లోకి దిగిన చోట, గోడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. సున్నం పగుల్లోంచి వెంట్రుకంత పొగ వస్తోంది. లోపల, ఎవరికీ కనపడని చోట, దూలం రాజుకుంటోంది. గురువారం నుంచీ.

ఆమె కిందికి దిగి వంటింట్లో ఫోన్ చేసింది. తిరిగొచ్చి రేణుకి కోటు తొడిగింది.

“ఎవరికి చేశావు?” జగదీష్ పేపర్ దించాడు.

“ఫైరింజన్ వాళ్లకి. పొయ్యి మనమే వెలిగించామని కూడా చెప్పాను,” అంది గొంతు పెంచకుండా, కోటు బొత్తాలు పెడుతూనే. “వచ్చి గోడ పగలగొడతారు. ఈ ఇంట్లో ఇక మనం ఉండటం లేదు. అత్తయ్యా, లేవండి. ఆ గోడ వదిలి ఇటు రండి.”