కెలేరా అవ్వకు తెచ్చిన చాపలు

వసితి రాస్తున్న కథలో కెలేరా అవ్వ మంగళవారం పొద్దున చనిపోయింది. చంపింది వసితే. పద్దెనిమిది వారాలుగా రేవా నదిలో పడవ నడుపుతూ, అడ్డొచ్చిన మగాళ్ళందరికీ గడ్డి పెడుతూ వచ్చిన ముసలమ్మను ఒక్క వరదలో ముంచేసి, ఫోన్ పక్కన పడేసింది.

ఏం చేస్తుంది మరి? ఆ కథల సైట్లో ప్రతి భాగం కిందా ఎంతమంది చదివారో కనిపిస్తుంది. మొదటి వారం నలభై ఒకటి. పద్దెనిమిదో వారమూ నలభై ఒకటే. నౌసోరి పట్నంలో దర్జీ కొట్టు పని ముగించుకొచ్చి, నడుము లాగుతున్నా రాసింది ఇందుకా అని ఏడుపొచ్చింది.

బావామరదళ్ళన్నాక ఏడిపించుకోవడం మామూలే. ఆమె ఉంటున్న మేనత్త ఇంట్లో బావ పెనియాసి మాత్రం దాన్ని ఉద్యోగంలా చేసేవాడు.

"మన భాషలో రాస్తే ఎవరు చదువుతారే? ఆ నలభై ఒకటిలో నలభై నువ్వే నొక్కి ఉంటావు. ఇంగ్లీషులో రాయి, లేదా బుద్ధిగా బట్టలు కుట్టుకో!"

"మిగతా ఒక్కటీ నువ్వేగా బావా," అంది వసితి. నవ్వింది గానీ మాట గుచ్చుకుంది. ఇక జన్మలో రాయకూడదనుకుంది.

శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు లారీ ఆగింది. నల్లబట్టల్లో ఆడవాళ్ళు చాపల చుట్టలు భుజాన వేసుకుని బిలబిలా దిగారు. ముందున్న పెద్దావిడ చేతిలో తిమింగలం పన్ను. చావింటికి చాపలు, ఆ పన్ను తేవడం అక్కడి ఆనవాయితీ; అంటే ఇది పరామర్శే. అత్త గుండె బాదుకుంది.

"అయ్యో, మనవాళ్ళలో ఎవరు పోయారు? నాకొక్కరూ చెప్పలేదేం!"

"కెలేరా అవ్వమ్మా," అంది పెద్దావిడ. "ఊరంతా వాకబు చేస్తే, ఆవిడ తాలూకు మనిషి ఇక్కడుందని దర్జీ కొట్టులో చెప్పారు."

వసితి బిత్తరపోయింది. "అమ్మా, అది కథ..."

"కథేనని తెలీదా మాకు? అంత వెర్రివాళ్ళమా?" అంటూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "తెలిసినా ఏడుపు ఆగితేగా! మా ఊళ్ళో గుట్టెక్కితే గానీ సిగ్నల్ రాదు. మా కోడలు ఎక్కి, ఫోన్లోకి దించుకొచ్చి చదువుతుంది. చాపలల్లుకుంటూ ముప్ఫైమందిమి వింటాం. పక్కూళ్ళోనూ అంతే."

తెచ్చినదాన్ని ఇంటి మగవాడు అందుకుని జవాబు చెప్పాలి. ఇంట్లో ఉన్నది పెనియాసే. మోకాళ్ళ మీద కూర్చుని, ఆనవాయితీ ప్రకారం చేతులు దొప్పలు చేసి చరిచి, పన్ను అందుకున్నాడు.

"మా కెలేరా అవ్వ... పోలీసుని పడవలోంచి తోసేసిన మనిషి. తెడ్డు విరిగితే వంట గరిటెతో ఒడ్డు చేరిన మనిషి..." అంటూ పన్నును గుండెకు హత్తుకుని బావురుమన్నాడు.

వసితి నోరు తెరిచి చూసింది. "మొత్తం చదివావా బావా?"

"ఏడుస్తుంటే కనబడట్లా? ఊరుకో!"

పెద్దావిడ ముందుకు వంగింది. "ఇంతకీ శవం దొరికిందా?"

"అది... రాయలేదు."

"మరింకేం!"

వసితి కొత్త చాప మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ అక్కడికక్కడే పంతొమ్మిదో భాగం రాసింది. మడచెట్ల వేళ్ళు పట్టుకుని బురదలోంచి లేచిన కెలేరా అవ్వ, ముందుగా తన తెడ్డు ఎవడు ఎత్తుకుపోయాడని అడిగింది. వసితి అది పైకి చదువుతుంటే వరండా దద్దరిల్లింది.

సైట్లో పెట్టాక చూస్తే లెక్క ఒకటి. అది పెనియాసి నొక్కింది. ముప్ఫైమందికి పైగా ఆడవాళ్ళు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వసితి ఆ అంకె వంక మళ్ళీ చూడలేదు.