సక్రి గాజులు, టేకు కుర్చీ

పొద్దున లేవగానే పూల్‌సింగ్ చేసే మొదటి పని కుర్చీని వెతికి తేవడం. తాడు కాస్త వదులైతే చాలు, ఆ టేకు కుర్చీ నాలుగు కాళ్ల మీద నడుచుకుంటూ అడవి దారి పట్టేది. తన చెట్టు ఎక్కడ పెరిగిందో దానికి గుర్తే. ఎదురైన తండా జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. పూల్‌సింగ్ దాన్ని ఈడ్చుకొచ్చి, మేక తాడుతో గుంజకు కట్టి, ఆ తర్వాతే పళ్లు తోముకునేవాడు.

లోకంలో అతనికి గౌరవమున్నది ఆ కుర్చీ ఒక్కదాని మీదే. మిగతాదంతా దండగ. ఇల్లందు గనిలో పనిచేసే కొడుకు బలరాం దండగ, వాడి మోటారు సైకిలు దండగ, వాడు కొనుక్కొచ్చిన బీపీ మిషను మరీ దండగ.

"చేతికి పట్టీ చుట్టి గాలి కొడితే రోగం తెలుస్తదా? సైకిలు ట్యూబుకు గూడ గాలి కొడ్తరు. దానికేం తెలుసు?"

నెల రోజులుగా అతని భార్య సక్రికి తల తిరుగుతోంది. నిన్నటి నుంచి చూపు మసకబారింది. కోడలు ప్రమీల రోజూ మిషను పెట్టేది. సక్రి రెండు చేతులకూ మోచేతి పైనుంచి భుజం దాకా తెల్ల గాజులు. మొగుడు బతికుండగా తండా ఆడవాళ్లు వాటిని తీయరు. అందుకని గాజుల మీదే పట్టీ చుట్టేవారు. మొన్న తొంభై చూపింది, నిన్న నూట డెబ్బై, ఇవాళ ఒట్టి ఇంగ్లీషు 'ఈ' అక్షరం.

"అంకెలు మర్శిపోయి అక్షరాలు దిద్దుతున్నది. దీన్ని నమ్మి దవాఖానకు పోవాల్నా?" అన్నాడు పూల్‌సింగ్.

"గాజుల మీద కడితే గిట్లనే వస్తది మామా. పట్టీ ఒంటికి తగలాలె. గాజులు తియ్యాలె."

"నేను సచ్చినంక తీస్తది తియ్."

సక్రి కూడా తల అడ్డంగా ఊపింది. "ఆయన్ని సంపుకొని నేను బతకాల్నా?"

"ఇన్నవా? ఇగ ఆ డబ్బా మూసెయ్."

సక్రి నిలబడలేక కుర్చీలో కూలబడింది. పటుక్కున తాడు తెగింది. కుర్చీ అడవికి వీపు తిప్పి, ఆమెను మోసుకుంటూ దవాఖానకు పోయే రోడ్డు వైపు రెండడుగులు వేసి ఆగింది. అది అటు నడవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

పూల్‌సింగ్ నోట్లో బీడీ ఆరిపోయింది. మనుషుల మాట అతను ఏనాడూ ఖాతరు చేయలేదు. కుర్చీ సంగతి వేరు. వచ్చి సక్రి ముందు గొంతుక్కూర్చొని, ఎడమ చేతి గాజులు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు.

"వద్దయ్యా! ఏం పని ఇది?"

"నోర్ముయ్. ఎదురుంగ నేనున్న గద, కనబడ్త లేనా?" తీసిన ప్రతి గాజునూ తన బక్క చేతికి ఎక్కించుకున్నాడు. "నీ చేతికుంటే బతికేటోణ్ణి, నా చేతికుంటే సస్తనా? కోడలా, పెట్టు. ఈసారి సక్కగ పెట్టు."

ప్రమీల అత్త వీపును కుర్చీకి ఆనించింది. పాదాలు నేలమీద పెట్టించింది. చేయి గుండె ఎత్తుకు వచ్చేలా పీట మీద దుప్పటి మడత వేసింది.

"ఐదు నిమిషాలు ఎవ్వరు మాట్లాడొద్దు. మామా, నువ్వు గూడ."

పూల్‌సింగ్ జన్మలో అంతసేపు ఎవరినీ తిట్టకుండా ఉండలేదు. తాడు లేని కుర్చీ కూడా కదల్లేదు. రెండు వందల ఆరు, నూట ఇరవై అని చూపింది మిషను. నిమిషం ఆగి మళ్లీ పెడితే రెండు వందల రెండు. ప్రమీల గబగబా పట్టీ విప్పి, "దవాఖానకు పోవాలె మామా" అంది.

"నిజం చెప్పనీకి ఇన్ని దినాలా, దొంగ డబ్బా!" అని ఉమ్మేసి, పూల్‌సింగ్ కుర్చీ వీపు తట్టాడు. "నడువు."

కుర్చీ రోడ్డెక్కింది. వెనకాలే గాజులు గలగలలాడిస్తూ అతను. అక్కడ ఆటో నడిపే రూప్‌సింగ్ పళ్లికిలించాడు. "ఏంది పూల్‌సింగన్నా, గాజులేసుకున్నవ్?"

"నీకు లేవని ఏడుస్తున్నవా? బండి తియ్!"

ఇంకో పూట ఆగితే తలలో నరం చిట్లేదని దవాఖానలో డాక్టరు కోప్పడ్డాడు. నాలుగో రోజు ఇంటికి రాగానే సక్రి గాజులు తిరిగి తొడుక్కుంది.

ఇప్పుడు రోజూ పొద్దున టీ కంటే ముందు, బీపీ చూసినంతసేపూ ఆ గాజులు పూల్‌సింగ్ చేతికి ఉంటాయి. మిషనును తిట్టడం మాత్రం అతను మానలేదు, చూడటం అయిపోయేదాకా ఆగి తిడతాడు. తెగిన ఆ తాడును ముడేసి ఇప్పుడు మేకకే కడుతున్నారు.